ఉద్యోగార్థియైన ఐన్‌స్టీన్

ఏటేట వేసవి సెలవులు ముగిసిన పిమ్మట, మా పాఠశాలలో చదివి కళాశాలలకు పోయి పట్టభద్రులైన పూర్వవిద్యార్థులు కొందరు మమ్ము చూడవచ్చుచుందురు. వారి చేత యోగ్యతాపత్రముల కట్ట యుండును గాని ముఖమున పూర్వపు ఉల్లాస ముండదు. ఎన్ని దరఖాస్తులు పంపితిరని మేమడిగినచో లెక్క చెప్పుదురు. ఎన్నింటికి జవాబు వచ్చినదని యడిగినచో తల వంచుకొందురు. అనుభవము లేనివానికి ఉద్యోగమియ్యరు. ఉద్యోగము లేనివానికి అనుభవము రాదు. ఈ చిక్కుముడి విప్పుట యెట్లని వారి ప్రశ్న. ఇంటియొద్ద తండ్రి యేమియు అనకున్నను ఆ మౌనమే తమకు భారముగా నున్నదని కొందరు చెప్పుదురు.

ఈ ప్రశ్నకు తగిన మంత్రము మాయొద్ద లేదు. అయినను ఇట్టి దినములను గడపిన యొక మహనీయుని చరిత్రమును ఈ సంచికలో మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును వినిపింపదలచితిమి. ఆయనయే ఆల్బర్టు ఐన్‌స్టీన్. చెదరిన తెల్లజుట్టుతో నున్న ఆ వృద్ధుని పటమును చూడని విద్యార్థి మాలో లేడు. కాని పట్టము చేత బుచ్చుకొని, రెండేండ్లపాటు స్థిరమైన ఉద్యోగము దొరకక, ఊరూర తిరిగిన ఇరువది రెండేండ్ల ఐన్‌స్టీనును ఎరిగినవారు తక్కువ.

ఐన్‌స్టీన్ 1879వ సంవత్సరము మార్చి 14వ తేదీన జర్మనీదేశమందలి ఊల్మ్ పట్టణమున ఒక యూదు కుటుంబమునందు జన్మించెను. తండ్రి పేరు హెర్మన్, తల్లి పేరు పౌలీన్. మరుసటి యేటనే వారు మ్యూనిచ్ నగరమునకు తరలిరి. అచ్చట తండ్రియు పినతండ్రియు గూడి విద్యుద్యంత్రముల వ్యాపారము నడుపుచుండిరి. 1894లో ఆ వ్యాపారము దెబ్బతినగా కుటుంబము ఇటలీకి పోయెను. చదువు ముగించుటకై బాలుని మాత్రము మ్యూనిచ్‌లో విడిచిరి. అతడు అచ్చట ఒంటరిగా నిలువజాలక, ఆ సంవత్సరాంతముననే బడి వదలి తల్లిదండ్రులను చేరెను.

ఐన్‌స్టీన్ చిన్ననాడు గణితమున తప్పెనని లోకమున ఒక మాట వాడుకలో నున్నది. అది నిజము కాదు. 1895లో, ఉండవలసిన వయస్సుకంటె రెండేండ్లు చిన్నవాడై యుండియు, అతడు స్విట్జర్లాండు దేశమందలి జ్యూరిచ్ పాలిటెక్నిక్కు ప్రవేశపరీక్షకు కూర్చుండెను. గణితమునందును భౌతికశాస్త్రమునందును చక్కగా వ్రాసెను. తక్కిన సాధారణ విషయములలో మాత్రము చాలకపోయెను. అందుచే ఆరౌ అను ఊరి పాఠశాలలో ఒక సంవత్సరము చదివి, 1896లో పాలిటెక్నిక్కున ప్రవేశించెను. గణిత భౌతికశాస్త్రములు బోధించు ఉపాధ్యాయులను తయారుచేయు శాఖయది. కాబట్టి అతడు చేరినదియు మా వంటి బడిపంతులగుటకే యని మేము కొంత గర్వముతో చెప్పుకొనవచ్చును.

తండ్రి వ్యాపారము ఇటలీలోను నిలదొక్కుకొనలేదు. అప్పులు పెరిగెను. తల్లివైపు బంధువులు నెలకు 100 ఫ్రాంకులు పంపుచుండగా అతడు దానితో చదువుకొనెను. అందులోనుండియు నెలకు 20 ఫ్రాంకులు తీసి, స్విట్జర్లాండు పౌరసత్వమునకై కట్టవలసిన రుసుముకొరకు దాచుకొనుచు వచ్చెను.

ఇచ్చట ఒక విషయమును దాచక చెప్పవలెను. విద్యార్థిగా ఐన్‌స్టీన్ గురువులకు ప్రీతిపాత్రుడు కాలేదు. తనకు నచ్చిన గ్రంథములను గదిలో కూర్చుండి రాత్రింబవళ్లు చదివెడివాడే గాని తరగతులకు సరిగా పోయెడివాడు కాడు. ప్రయోగశాల పనిని అలక్ష్యము చేసినందుకు 1899లో అతనికి లిఖితపూర్వకమైన మందలింపు వచ్చెను. భౌతికశాస్త్రాచార్యుడగు వెబరునకు అతని తీరు గిట్టలేదు. పరీక్షలు సమీపించినప్పుడు మార్సెల్ గ్రాస్‌మన్ అను సహాధ్యాయి శ్రద్ధగా వ్రాసుకొన్న పాఠముల పుస్తకములే అతనిని గట్టెక్కించెను. ఈ గ్రాస్‌మన్ పేరును విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక.

1900వ సంవత్సరము జూలైలో పరీక్షాఫలితములు వచ్చెను. వారి శాఖలో ఉత్తీర్ణులైనవారు నలుగురు. అందు ఐన్‌స్టీన్ నాల్గవవాడు. తక్కిన ముగ్గురికిని పాలిటెక్నిక్కులోనే ఆచార్యులకు సహాయకులుగా పని దొరికెను. ఐన్‌స్టీనునకు మాత్రము దొరకలేదు. వెబర్ అతనిని విడిచి, యంత్రశాస్త్రము చదివిన ఇద్దరిని తన సహాయకులుగా తీసికొనెను. గణితాచార్యుడగు హుర్విట్జ్ యొద్ద ఖాళీ యున్నదని విని అతడు అచ్చటికి దరఖాస్తు పంపెను. కాని ఆ ఆచార్యుని గోష్ఠికి తాను సరిగా హాజరు కాలేదని ఆ దరఖాస్తులోనే ఒప్పుకొనవలసి వచ్చెను. ఆ పనియు దొరకలేదు. తరగతి వదలినందుకు చెల్లింపవలసిన వెల తరగతినాడు తెలియదు; ఉద్యోగమునకై సిఫారసు కావలసిననాడు తెలియును.

అయితే దోషమంతయు అతనిదే యనుట న్యాయము కాదు. ఆ కాలమున విద్యాపీఠములలో పదవులు కొద్ది. పలుకుబడి గల ఆచార్యుని మాట లేనిదే తలుపు తెరువబడదు. పైగా జర్మను భాష మాటలాడు దేశములలో యూదులపట్ల ద్వేషము ప్రబలి యుండెను. దానివలన తనకు అడ్డు కలుగుచున్నదని అతడును తలచెను.

పని లేకున్నను అతడు చదువు మానలేదు. ప్రైవేటు పాఠములు చెప్పుకొనుచు, ద్రవపదార్థముల కేశాకర్షణమును గూర్చి యొక వ్యాసము వ్రాసి, 1900 డిసెంబరులో జర్మనీలోని ప్రసిద్ధ భౌతికశాస్త్రపత్రికకు పంపెను. అది మరుసటి యేట అచ్చుపడెను. 1901 ఫిబ్రవరిలో స్విస్ పౌరసత్వము వచ్చెను. ఇక ఆ వ్యాసపు ప్రతిని జతచేసి, దేశదేశముల ఆచార్యులకు ఉత్తరములు వ్రాయ మొదలిడెను. తనకు ఉద్యోగమడుగుచు ఉత్తరము పోని భౌతికాచార్యుడు ఉత్తరసముద్రమునుండి ఇటలీ కొనవరకు ఉండబోడని స్నేహితులతో పరిహాసమాడునంతటి దాక వచ్చెను.

ఆ ఉత్తరములలో రెండింటి కథ చెప్పవలసియున్నది.

మొదటిది, జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున రసాయనశాస్త్రాచార్యుడుగా నున్న విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డునకు వ్రాసినది. 1901 మార్చి 19వ తేదీన తన వ్యాసమును పంపుచు, తన వంటి వానికి ప్రయోగశాలలో చోటు కలదాయని యడిగెను. జవాబు రాలేదు. ఏప్రిల్ 3వ తేదీన, మొదటి ఉత్తరములో తన చిరునామా వ్రాసితినో లేదో యను నెపముతో మరియొక కార్డు వ్రాసెను. జవాబు రాలేదు. అప్పుడు ఇంటిలో కుమారుని ముఖము చూచుచున్న తండ్రి హెర్మన్ సహింపలేక, ఏప్రిల్ 13వ తేదీన తానే కలము పట్టెను. ఆయన విద్యాంసుడు కాడు, నష్టపోయిన వర్తకుడు. కుమారునికి తెలియకుండ ఆ మహాచార్యునికి ఉత్తరము వ్రాసి, తన బిడ్డ దారితప్పితినను దిగులుతో కృశించుచున్నాడనియు, కలిమిలేని తమకు భారమైతినని కుములుచున్నాడనియు, అతడు వ్రాసిన వ్యాసమును చదివి ధైర్యము చెప్పు నాలుగు మాటలైనను వ్రాయుడనియు, వీలైనచో ఒక పని యిప్పింపుడనియు వేడుకొనెను. తల్లిదండ్రులారా, ఈ ఉత్తరమును గూర్చి చదివిన ప్రతిసారియు మాకు కంట నీరు తిరుగును. దీనికిని జవాబు వచ్చిన జాడ లేదు.

రెండవది, హాలెండు దేశమందలి లైడెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నున్న కామర్లింగ్ ఓనెస్‌నకు అదే ఏప్రిల్ 12వ తేదీన వ్రాసినది. అది రిప్లై కార్డు. జవాబు వ్రాయుటకు వేరొక సగము జతపడియుండును, దాని తపాలా ఖర్చును పంపినవాడే ముందు చెల్లించును. చేతిలో కాసు లేని యువకుడు ఆ ఖర్చును కూడ భరించి పంపెను. అడిగినది, సహాయకుని పని యేదైన కలదాయని మాత్రమే. ఆ కార్డు నేటికిని లైడెన్ నగరపు వస్తుప్రదర్శనశాలలో నున్నది. జవాబు వ్రాయవలసిన సగము తెల్లగనే యున్నది.

1901 మే నెలలో వింటర్తూర్ అను ఊరి సాంకేతిక పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు సైనికశిక్షణకు పోగా, రెండు నెలలపాటు అతని బదులు పాఠములు చెప్పు పని ఐన్‌స్టీనునకు దొరికెను. బోధించుట తనకింత ఇష్టమని అంతవరకు అతనికే తెలియదు. ఉదయమున పాఠములు చెప్పియు, మధ్యాహ్నమునుండి శాస్త్రము చదువుటకు ఓపిక మిగులుచున్నదని సంతోషించెను. రెండు నెలలు గడచెను, పని ముగిసెను. సెప్టెంబరులో షాఫ్‌హౌజెన్ పట్టణమున ఒక ఆంగ్లేయ బాలునికి చదువు చెప్పు కొలువు కుదిరెను. అచ్చటి యజమానితో మాటపట్టింపు వచ్చి, కొద్ది నెలలకే ఆ కొలువును విడిచెను.

ఇంతలో గ్రాస్‌మన్ మిత్రుని మరువలేదు. 1901 వసంతముననే తన తండ్రితో ఐన్‌స్టీన్ సంగతి చెప్పెను. ఆ తండ్రి, బెర్న్ నగరమున స్విస్ పేటెంటు కార్యాలయపు అధిపతియైన హాలరునకు స్నేహితుడు. క్రొత్తగా యంత్రములు కనిపెట్టినవారు పంపు దరఖాస్తులను పరీక్షించి, వారికి హక్కుపత్రము లిచ్చు సర్కారు కార్యాలయమది. ఖాళీ వచ్చినప్పుడు చూతమని హాలర్ చెప్పెను. మాట యనగానే పని కాలేదు. డిసెంబరునగాని ఉద్యోగప్రకటన వెలువడలేదు. ఐన్‌స్టీన్ వెంటనే దరఖాస్తు పంపి, ఫలితము తెలియకముందే 1902 ఫిబ్రవరిలో బెర్న్ నగరమునకు వచ్చి చిన్న గదిలో దిగెను.

కూటికి గడచుట యెట్లు? స్థానిక పత్రికలో ఒక చిన్న ప్రకటన వేయించెను: గణిత భౌతికశాస్త్రములందు ప్రైవేటు పాఠములు చెప్పబడును, మొదటి పాఠము ఉచితము అని దాని సారాంశము. దానిని చూచి వచ్చినవారిలో మారిస్ సొలొవీన్ అను రుమేనియా విద్యార్థి యొకడు. కొద్దికాలమునకే గురుశిష్యభావము పోయి స్నేహము నిలిచెను. కాన్రాడ్ హబిష్ట్ అను మరియొక మిత్రుడును కలియగా, ముగ్గురును సాయంకాలములు కూడి, తత్త్వశాస్త్రగ్రంథములు చదివి, అర్ధరాత్రము దాటువరకు వాదించుకొనెడివారు. వేడుకకు ఆ కూటమికి ఒలింపియా అకాడమీ యని పేరు పెట్టుకొనిరి. కడుపు నిండని దినములలోను బుద్ధి పస్తుండలేదు.

తుదకు 1902 జూన్ 16వ తేదీన నియామకము జరిగెను. ప్రకటింపబడినది రెండవ తరగతి పరీక్షకుని పని. అతనికి దొరికినది మూడవ తరగతి పని, అదియు తాత్కాలికముగా. జీతము ఏటికి 3,500 ఫ్రాంకులు. పట్టము పుచ్చుకొన్న రెండేండ్లకు దొరికిన ఈ చిన్న ఉద్యోగమును అతడు చిన్నచూపు చూడలేదు. వారమునకు ఆరుదినములు, దినమునకు ఎనిమిది గంటలు బల్లయొద్ద కూర్చుండి ఇతరుల యంత్రములను పరీక్షించెను. వచ్చిన దరఖాస్తును వెంటనే నమ్మక, లోపమెచ్చటనున్నదో వెదకవలెనని హాలర్ నేర్పెను. పటమును చూచి యంత్రము నిజముగా ఎట్లు పనిచేయునో మనస్సున ఊహించుట, అనవసరమును తీసివేసి సారమును పట్టుట అతనికి అలవాటయ్యెను. తరగతిలో అబ్బని క్రమశిక్షణ కచేరీలో అబ్బెను. ఆ పని తనకు మేలుచేసినదని తరువాతికాలమున ఆయనయే చెప్పుచుండెను.

ఉద్యోగము దొరికిన కొన్ని నెలలకే, 1902 అక్టోబరులో, తండ్రి మిలాన్ నగరమున మరణించెను. కుమారుని కీర్తిని ఆయన చూడనేలేదు. తన ఉత్తరము వ్యర్థమైనదను తలంపుతోనే కన్నుమూసెనేమో! 1903 జనవరిలో ఐన్‌స్టీన్ తన సహాధ్యాయినియగు మిలేవా మారిచ్‌ను వివాహమాడెను. 1904 సెప్టెంబరులో ఉద్యోగము ఖాయమై, జీతము 3,900 ఫ్రాంకులయ్యెను.

1905వ సంవత్సరము వచ్చెను. ఈ మూడవ తరగతి గుమాస్తా, ఇరువది యారేండ్లవాడు, కచేరీ పని కాగా మిగిలిన వేళలలో వ్రాసిన వ్యాసములు ఒకదాని వెంట నొకటిగా వెలువడెను. కాంతి రేణువులవలె ప్రవర్తించునని ఒకటి, నీటిలో తేలు సూక్ష్మకణముల చలనమునుబట్టి పరమాణువుల ఉనికిని నిరూపింపవచ్చునని మరియొకటి, దేశకాలములు చూచువానినిబట్టి మారునను సాపేక్షసిద్ధాంతము వేరొకటి, పదార్థమును శక్తియు ఒకదానికొకటి సమానములని తెలుపునది ఇంకొకటి. ఆ యేటనే జ్యూరిచ్ విశ్వవిద్యాలయమునకు డాక్టరు పట్టమునకై సమర్పించిన గ్రంథమును తన మిత్రుడగు గ్రాస్‌మన్‌నకు అంకితమిచ్చెను.

ఇక కష్టములు తీరెననుకొందుము, తీరలేదు. 1907లో బెర్న్ విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడుగా చేరగోరి పంపిన దరఖాస్తు, నియమానుసారము క్రొత్త గ్రంథము జతపరుపలేదని త్రోసివేయబడెను. 1908 ఆరంభమున జ్యూరిచ్‌లోని ఒక ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయుని పనికి దరఖాస్తు పెట్టెను. 21 మంది అభ్యర్థులలో ముగ్గురిని ఏరిరి. ఆ ముగ్గురిలో సాపేక్షసిద్ధాంతకర్త లేడు! ఆ యేటనే, త్రోసివేసిన బెర్న్ విశ్వవిద్యాలయము గ్రంథము నంగీకరించి ఉపన్యాసకుడుగా చేర్చుకొనెను. మొదట ఆయన పాఠములకు వచ్చిన శ్రోతలు ముగ్గురు. 1909 అక్టోబరులో గాని జ్యూరిచ్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభింపలేదు. అప్పుడే పేటెంటు కార్యాలయమును విడిచెను. పట్టము పొందిననాటినుండి లెక్కించినచో తొమ్మిదేండ్లు గడచెను.

తరువాతి కథ లోకమెరిగినదే. 1912లో, సహాయకునిగా నైనను తీసికొనని ఆ పాలిటెక్నిక్కే ఆయనను ఆచార్యుడుగా పిలిచెను. 1921వ సంవత్సరపు నోబెలు బహుమానము 1922లో ఆయనకు ప్రకటింపబడెను. 1933లో హిట్లరు ప్రభుత్వమువలన జర్మనీకి దూరమై, అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో స్థిరపడి, 1955 ఏప్రిల్ 18వ తేదీన దివంగతుడయ్యెను.

కాని జవాబు రాని ఆ రెండు ఉత్తరముల ముగింపు చెప్పక మానరాదు. పేరులేని యువకునికి జవాబియ్యని ఆస్ట్‌వాల్డే, 1910వ సంవత్సరపు నోబెలు బహుమానమునకు ఐన్‌స్టీన్ పేరును ప్రతిపాదించెను. ఆ బహుమానమునకు ఆయన పేరు పంపినవారిలో ప్రథముడాయనయే. తెల్లకార్డు మిగిలిన లైడెన్ విశ్వవిద్యాలయమే 1920లో ఐన్‌స్టీనును గౌరవముతో ఆహ్వానించి, ఏటేట వచ్చి ఉపన్యసించు ప్రత్యేకాచార్యునిగా నియమించెను. ఆయన కోపము పట్టక పోయి పాఠములు చెప్పెను.

మరియొక ఉత్తరము సంగతి మన దేశమునకు చెందినది. 1924 జూన్‌లో డాకా విశ్వవిద్యాలయమున రీడరుగానున్న సత్యేంద్రనాథ బోసు, ఇంగ్లండు పత్రికలో చోటు దొరకని తన వ్యాసమును ముక్కుమొగమెరుగని ఐన్‌స్టీనునకు పంపి, తగినదని తోచినచో జర్మను పత్రికలో అచ్చువేయింపుడని కోరెను. అప్పటికి ఐన్‌స్టీన్ జగత్ప్రసిద్ధుడు. బల్లమీద ఉత్తరముల గుట్టలుండెడి కాలము. ఆయన ఆ వ్యాసమును చదివి, తానే జర్మను భాషలోనికి మార్చి, పత్రికకు పంపి అచ్చువేయించెను. మెచ్చుకొనుచు బోసునకు ఒక కార్డు వ్రాసెను. ఆ కార్డును చూపగనే విశ్వవిద్యాలయమువారు బోసునకు ఐరోపాలో చదువుటకు రెండేండ్ల సెలవు మంజూరు చేసిరి. ఒక కార్డు తెల్లగా మిగిలెను. ఒక కార్డు ఒక జీవితమును మార్చెను. మొదటి కార్డు పంపినవాడే రెండవ కార్డు వ్రాసెను.

ఉద్యోగము వెదకుచున్న మా పూర్వవిద్యార్థులారా, మీరందరు ఐన్‌స్టీనులగుదురని మేము చెప్పము. అట్లు చెప్పుట మిమ్ము మోసగించుట. జవాబు రాకపోవుట మీ యోగ్యతకు తీర్పు కాదని మాత్రము చెప్పుదుము. రెండు నెలల బదులు పనియైనను, ప్రైవేటు పాఠములైనను, మూడవ తరగతి ఉద్యోగమైనను చేతికి వచ్చినదానిని శ్రద్ధగా చేయుడు. సాయంకాలము మీ చదువును మీరు విడువకుడు. ఇంకను బడిలోనున్న చిన్నవారలారా, గురువుల యెదుట అలక్ష్యము చూపకుడు; సిఫారసు వ్రాయవలసినవారు వారే. తరగతిలో గ్రాస్‌మన్ వంటి స్నేహితుని సంపాదింపుడు. అంతకంటె మేలు, మీరే యొకనికి గ్రాస్‌మన్ అగుడు. తల్లిదండ్రులారా, హెర్మన్ వలె బిడ్డ దుఃఖమును గ్రహింపుడు; ఆ మాట బిడ్డతోను చెప్పుడు.

కడపట మాకు మేము చెప్పుకొనవలసినదొకటి యున్నది. మా బల్లలమీదను పూర్వవిద్యార్థుల ఉత్తరములు, యోగ్యతాపత్రమడుగు చీటీలు తరచుగా దినముల తరబడి పడియుండుట కద్దు. పని తొందరయని సాకు చెప్పుకొంటిమి. ఈ వ్యాసము వ్రాయుచుండగా ఆ తెల్లకార్డు మా కన్నులయెదుట నిలిచినది. ఉద్యోగ మిప్పించు శక్తి మాకు లేకపోవచ్చును. జవాబు వ్రాయు శక్తి లేకపోలేదు. ఈ సంచిక మీ చేతికి అందులోపల ఆ ఉత్తరములకెల్ల జవాబులు పంపెదము.